బాగున్న గొంతుతో వచ్చిన గాయకుడు

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అంటారు. పాలవాడు నవ్వుతూ నమస్కారం పెట్టినా ఎందుకు పెట్టాడా అని ఆలోచిస్తానని మా ఆయన ఆరోపణ. ఆరోపణ నిజమే. ఒకరోజు ఆ నమస్కారం మరీ వంగి పెట్టాడేమిటా అని పాలు కాచి చూస్తే సగానికి సగం నీళ్ళు. అప్పట్నుంచి మా ఆయన ఆ ఉదాహరణ చెప్పడం మానేశాడు.

శ్రీకాకుళంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా చాలాకాలం పనిచేశాను. మొదట ప్రభుత్వాసుపత్రి, తర్వాత సొంత క్లినిక్. ఈమధ్యే బోర్డు దింపేశాను. ఈ చదువులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి వస్తుంటారు. "మాకేమైనా చెప్పండి మేడమ్" అంటారు. పుస్తకాల్లో ఉన్నది నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఇప్పటి ఆపరేషన్లు కొన్ని నాకు రానే రావు. నాకు వచ్చింది అనుమానించడం. దాని గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. మధ్యలో హిందీ సినిమా పాటలాయన ఒకాయన వస్తాడు, ఓపిక పట్టండి.

వచ్చినవాళ్ళే రోగులు కారు

కొత్తలో శ్రీముఖలింగం వైపు నుంచి ఒక అత్తగారు కోడల్ని తీసుకొచ్చింది. "దీని గొంతు పడిపోనాది డాక్టరమ్మా. పెల్లైన కాణ్ణించి గొణుగుడే తప్ప మాట పైకి రాదు" అంది. కోడలి గొంతు చూశాను. నిక్షేపంలా ఉంది. మందు రాయలేదని అత్తగారికి కోపం వచ్చింది. "ఏటి, మనిషి మాటాడనేకపోతంటే ఏటీ నేదంటావేటి?" అని గద్దించింది. నాకు అనుమానం వచ్చి, ఆవిడ వెనక్కి వెళ్ళి నిలబడి, "అమ్మా, మీ చీర అంచు నేల మీద జీరాడుతోంది" అన్నాను. ఆవిడ కదల్లేదు. కోడలు మాత్రం గబుక్కున వంగి అంచు ఎత్తింది. చెవుడు అత్తగారిది. ఇన్నేళ్ళూ నోరులేనిదని పేరు పడింది కోడలికి.

ఆ రోజు నుంచి నేను కుర్చీలో కూర్చున్న మనిషితో పాటు పక్కన నిలబడ్డ మనిషిని కూడా చూడటం అలవాటు చేసుకున్నాను. రోగాన్ని మోసుకొచ్చేది ఒకరు, చెప్పేది ఒకరు అయిన సందర్భాలు మీకూ వస్తాయి.

మొహమాటం

ప్రభుత్వాసుపత్రిలో నా పైన ఒక పెద్ద డాక్టరు ఉండేవారు. మన జిల్లా మనిషి కాదు. చెయ్యి మంచిది, మనసూ మంచిదే, కానీ మొహమాటం ఎక్కువ. ఒకసారి నౌపడ ఉప్పు మళ్ళల్లో పని చేసే ఆవిడ, తినేటప్పుడు నోరు మండుతోందని వచ్చింది. ఆయన నోరు తెరవమనకుండానే, కారం తగ్గించమని చెప్పి, విటమిన్లు రాసి పంపేశారు. "పొగ అలవాటుందేమో అడగలేదా సార్?" అన్నాను. ఆయన నా వంక వింతగా చూశారు. "ఛ, ఆడవాళ్ళని అలా అడుగుతామా? అయినా ఆవిడ నోట్లో చుట్ట ఏమీ లేదు కదమ్మా, నేను చూస్తూనే ఉన్నా కదా" అన్నారు.

ఆయన చూస్తుండగానే ఆవిడ కాలుస్తోంది. మన ఉప్పుమళ్ళ దగ్గర, మన సముద్రపొడ్డున పెద్దవయసు ఆడవాళ్ళ అలవాటు అది. చుట్టని వెలిగించి, వెలిగిన కొసని నోట్లోపల పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. అడ్డపొగ అంటారు. బయటికి కనిపించేది వేలెడు ఆకు ముక్క, దాని మీద కొంగు. బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. నిప్పు లోపల ఉంటే అంగిలి ఏమవుతుందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఏమీ కాదు. తర్వాత తెల్లగా మందం కడుతుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక చోట పుండు పడుతుంది.

ఆ ఉప్పుమళ్ళ ఆవిడ మళ్ళీ వచ్చేసరికి మా చేతుల్లో ఏమీ మిగల్లేదు. పెద్ద డాక్టరుగారు ఆ రోజు భోజనం చెయ్యలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను, తెలియక జరిగింది. కానీ మీకు తెలుసు కాబట్టి మీకు ఆ సాకు ఉండదు. ఎవరైనా సరే నోరు పూర్తిగా తెరవమనండి. పొగ అలవాటుందా అని అడగండి. ఉందంటే నిప్పు ఎటువైపు అని అడగండి. లోపలికి అంటే, ఎందుకలా అని కూడా అడగండి. నేను అడుగుతూనే వచ్చాను. గాలికి ఆరిపోకుండా అని కొందరు, చేతులు ఖాళీ ఉండవని కొందరు, మామగారి కంట పడకూడదని కొందరు చెప్పేవారు. ఆ జవాబుతో వైద్యం మారదు. కానీ ఆ ఒక్క ప్రశ్న అడిగితే మనిషి మనతో మాట్లాడటం మొదలెడుతుంది.

మంకీక్యాపు మనిషి

క్లినిక్ మూసే ముందటి వేసవిలో ఒక పొద్దున్న మా కాంపౌండరు సింహాచలం ఊపిరాడకుండా లోపలికొచ్చాడు. యాభై దాటిన మనిషి, రిబ్బను కటింగుకొచ్చిన సినిమావాళ్ళని చూసి కూడా చలించడు. "డాక్టరమ్మా! బొంబాయి పాటలాయన! మన బల్ల మీద కూకున్నాడు!" అన్నాడు.

పేరు చెప్పాడు. నేనిక్కడ రాయను. మీ అమ్మానాన్నలు ఆయన పాటలు వింటూ పెళ్ళి చేసుకుని ఉంటారు. మన వైపు ఏ ఆటో ఎక్కినా ఆయన గొంతే. అలాంటి మనిషి మా డే అండ్ నైట్ జంక్షన్ పక్క సందులో, బల్ల మీద, చీటీ పట్టుకుని కూర్చున్నాడంటే నేను నమ్ముతానా? మన ప్రతి ఆర్కెస్ట్రాలోనూ ఆయనలా పాడేవాడు ఒకడుంటాడు. ఆయనలాగే మెడలో మఫ్లరు, ఆయనలాగే జుట్టు. "ఎవడో ఆర్కెస్ట్రావాడు. చీటీ ప్రకారం పిలు" అన్నాను.

పిలిస్తే వచ్చాడు. రోహిణీ కార్తె ఎండలో మంకీక్యాపు, భుజాన శాలువా. ఒక కాలికి తోలు చెప్పు, ఇంకో కాలికి హవాయి. చేతిలో సీసా, అందులో చోడంబలి, అదే రాగి జావ. కూర్చోమంటే కుర్చీ దులిపి, ఆ కుర్చీకి నమస్కారం పెట్టి మరీ కూర్చున్నాడు. కూర్చుని అన్నాడు: "డాక్టరమ్మా, నా గొంతు బాగునేదు. ఓపాలి సూడు. బేగి సూడక్కర్నేదు, నిమ్మళంగా సూడు."

ఇంకేముంది, నా అనుమానం రూఢి అయిపోయింది. బొంబాయి హిందీ గాయకుడికి కళింగపట్నం బెస్తవీధి యాస ఎక్కడిది? "ఏ ఊరు నాయనా మీది, గారా? సింగుపురమా?" అని వెటకారంగా అడిగాను. ఆయన పకపకా నవ్వి, "ఖర్గ్‌పూర్ రైల్వే కోటర్సు" అన్నాడు. నమ్మలేదు. తలకి లైటు కట్టుకుని, అద్దం వెచ్చజేసి, నాలుక పట్టుకుని, గొంతులోకి అద్దం పెట్టి, "ఈ అనండి" అన్నాను.

అద్దం లోపలుంటే ఎవరికైనా డోకు వస్తుంది. బుర్రకథలు చెప్పేవాళ్ళూ, పాస్టర్లూ, రాజకీయ నాయకులూ, అందరూ "ఈ… ఖళ్" అంటారు. ఈయన అన్న "ఈ" మాత్రం తీగ లాగినట్టు, వణుకు లేకుండా, నేను చాలు అనేవరకూ నిలబడింది. విజయనగరంలో చిన్నప్పుడు చర్చి కోయిర్‌లో పాడినదాన్ని, ఆ మాత్రం శ్రుతి నాకూ తెలుసు. పాటని అనుకరించేవాళ్ళు ఉంటారు గానీ, నాలుక డాక్టరు చేతిలో ఉండగా ఇంతటి "ఈ" అనేవాడు నకిలీ కాడు.  

మనిషి అసలైనవాడే. సరే. కానీ గొంతు? స్వరతంత్రులు తెల్లగా, నున్నగా, పాతికేళ్ళ కుర్రాడికి ఉన్నట్టున్నాయి. ఒక్క గీత లేదు.

తెరిచిన తలుపు

"మీ గొంతు నా గొంతుకంటే బాగుంది, వెళ్ళండి" అన్నాను. ఆయన వెళ్ళలేదు. "అయితే అంగిలి కూడా సూసీ" అన్నాడు. పాటగాడికి గొంతు గురించి బెంగ ఉంటుంది. అంగిలి చూడమనేవాడు ఎక్కడైనా ఉంటాడా? చూశాను. గులాబిరంగులో శుభ్రంగా ఉంది. కానీ ఆయన శాలువా దగ్గరికి వంగితే గుప్పుమని చుట్ట వాసన.

ఇంకో వింత, తలుపు. పరీక్ష మొదలుపెడుతూ సింహాచలం తలుపు వెయ్యబోతే ఆయన లేచి వెళ్ళి బార్లా తెరిచాడు. "మూత్తే నాకు గాలాడదు" అన్నాడు. అద్దం తియ్యగానే బయట బల్లల వైపు తిరిగి, నాటకంలో చెప్పినట్టు, "ఏటీ నొప్పి నేదర్రా! సీమ కుట్టినంతైనా నేదు!" అని కేక పెట్టాడు. బల్లల మీదున్న జనం చప్పట్లు కొట్టారు.

ఓహో, అనుకున్నాను. ఎక్కడో కెమెరా ఉంది. పెద్దాయన సామాన్యుల క్లినిక్‌కి వచ్చాడని, చీటీ తీసుకుని వరసలో కూర్చున్నాడని ఫోన్లలో తిప్పుకోడానికి. లేదా ఏదో ప్రోగ్రాం ఎగ్గొట్టడానికి గొంతు పాడైందని నా చేత రాయించుకోవాలి. "సర్టిఫికెట్ అయితే నేనివ్వను, ముందే చెప్తున్నా" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "నాకెందుకమ్మా? నానేటి స్కూలు ఎగ్గొట్టేనా?" అన్నాడు.

నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చాడు. ఈసారి ముక్కులోంచి కెమెరా గొట్టం పెట్టి చూడమన్నాడు. మళ్ళీ తలుపు బార్లా. మళ్ళీ "నొప్పి నేదర్రా!" అని కేక. తన వంతు వచ్చేలోపు ఊరుకున్నాడా? సింహాచలాన్ని కూర్చోబెట్టి, రోగుల పేర్లు తనే పిలవడం మొదలెట్టాడు. ఏడుస్తున్న చంటిదాన్ని ఎత్తుకుని, దాని చెవి కంటే ముందు తన చెవి చూడమని నా ముందు తల వంచాడు. దాని ఏడుపు ఆగింది. ఒక ముసలాయన, "బాబూ, ఓ పాట పాడవా" అంటే, "డాక్టరమ్మ ఒద్దంది" అని నా మీద పెట్టాడు. నేనెప్పుడన్నాను?

ఫోటోలు తీసుకుంటామన్నవాళ్ళకి మాత్రం మంకీక్యాపు కళ్ళ మీదికి లాక్కుని కూర్చునేవాడు. అది చూసి నాకు కొంచెం తికమక అయింది. పేరు కావాలనుకునేవాడు మొహం కప్పుకుంటాడా?

ఆయన మూడోసారి వచ్చిన రోజు సింహాచలం విసుక్కుంటూ వచ్చాడు. "ఎవడో మన కుళాయి ఎనకాల చుట్ట కాలస్తన్నాడు డాక్టరమ్మా. వాసన వస్తాది, ఎల్లి సూస్తే మనిషి ఉండడు. ఓ ముసలమ్మ తప్ప ఎవులూ నేరు" అన్నాడు.

"మీ అమ్మ కాల్చదేటి సింహాచలం?" అన్నాను. వాడు తిరిగి కుళాయి వైపు తొంగి చూశాడు.

అప్పుడు నేను చెయ్యాల్సిన పని చేశాను. గాయకుడి నోట్లో అద్దం పెట్టి, గొంతు చూడ్డం మానేసి, ఆయన కళ్ళు ఎటు పోతున్నాయో చూశాను. తలుపులోంచి బయటికి పోతున్నాయి. మొదటి బల్ల చివర ఒక ముసలమ్మ. నేత చీర, కొంగు నోటికి అడ్డం. ఆవిడ మా వైపే చూస్తోంది, వేడినీళ్ళలో చెయ్యి పెట్టేముందు చూసినట్టు. ఎవరని అడిగితే, ఆయన తీసుకొచ్చిన వంటమనిషని సింహాచలం చెప్పాడు.

యాస ఎక్కడిదో తెలిసిపోయింది. చుట్ట వాసన ఎవరిదో కూడా.

పెరట్లో

తలుపు వెయ్యనివ్వడు కాబట్టి ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళాను. "మీరు రోగి కాదు. రోగి బల్ల మీదుంది. ఎవరావిడ?" అన్నాను.

మంకీక్యాపు తీశాడు. అది తీస్తే మామూలు పెద్దవయసు మనిషి. "నూకాలప్ప" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో వాళ్ళ పక్కిల్లు ఆవిడ వాళ్ళది. ఆవిడ తండ్రి పట్టాల పని కోసం కళింగపట్నం నుంచి వెళ్ళాడు. ఈయన తల్లి మంచాన పడి ఉండేది. పక్కింటి ఆడపిల్ల నూకాలు, తనే ఇంకా చిన్నది, ఈ పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆయన నోట మొదట వచ్చిన భాష ఆవిడదే. పెద్దయ్యాక ఆవిడ భర్త పోతే బొంబాయి తీసుకెళ్ళాడు. ఆవిడ వండితేనే తింటాడు.

"కిందటేడు కూరలో కారం తగ్గిపోనాదమ్మా" అన్నాడు. "అప్ప సేతి కూర అంటే కళ్ళంట నీళ్ళు రావాల. అలాటిది సప్పగా వస్తన్నాది. ఏటని అడిగితే, నీకు వయసొచ్చింది, కారం మంచిది కాదు అంది. నాకు అనుమానం వచ్చింది. నాకు కాదు, దానికే నోరు మండుతున్నాదని. డాక్టరు దగ్గరికి తోలుకెల్తే వరండాలోంచే పారిపోనాది. సముద్రం సూసొస్తానని ఇక్కడికొచ్చేసి, ఇంక రానంటాది. కత్తి తగిల్తే రోగం పాకుతాదని దాని నమ్మకం. వాళ్ళమ్మ అలాగే పోనాదట."

నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. పాటల వల్ల కాదు. కూరలో కారం తగ్గిందని అనుమానించినందుకు.

"నా చిన్నప్పుడు నాను మందు తాగనంటే అది ముందు తాగి, సూడు సేదు నేదు అనేది. అలాగే ఇప్పుడు నాను ముందు సూపించుకుంటన్నాను. ఇంకొక్కటి మిగిలింది డాక్టరమ్మా. ఆ ముక్క తీస్తారు సూడు, పరీక్షకి… అది కూడా ముందు నాకు తియ్యి. నా అంగిల్లో ఓ ముక్క కొయ్యి. అది సూస్తాది. తరవాత ఒప్పుకుంటాది" అన్నాడు.

హాస్యం కాదు. నిజంగా అడిగాడు. పాటతో బతికే మనిషి, మాట పలికే చోట కత్తి పెట్టమంటున్నాడు. ఇలాంటివి విన్నప్పుడు మీరు కరిగిపోవడం ప్రమాదం. నాకు ఒళ్ళు మండింది.

మీకొకటి చెప్పాలి. చెవుల డాక్టర్లకి గుసగుస రాదు. రోజంతా చెవుడున్నవాళ్ళతో అరిచి అరిచి మన గొంతు ఆ స్థాయిలోనే ఉండిపోతుంది. ఇంట్లో రహస్యం చెప్తే వీధి చివర వినపడుతుందని మా ఆయన గోల. ఆ పెరట్లో నేను మెల్లగానే మాట్లాడుతున్నాననుకున్నాను.

"మీకేమైనా మతి పోయిందా? బాగున్న అంగిలి నేను కొయ్యను! మీరెంత గొప్ప గాయకుడైనా సరే కొయ్యను! ఎవరి కోసమైనా సరే కొయ్యను!"

సింహాచలం పెరటి గుమ్మంలోంచి తొంగి చూశాడు.

కుర్చీ

మేము లోపలికి వచ్చేసరికి నూకాలప్ప బల్ల మీద లేదు. నా గదిలో ఉంది. రోగుల కుర్చీలో, రెండు చేతులూ కుర్చీ పట్టెల మీద పెట్టి, పోట్లాటకి వచ్చినట్టు కూర్చుంది.

"ఏటమ్మా, మా గుంటడి నోట్లో కత్తెడతావా?" అంది.

"నేను పెట్టనన్నాను, వినలేదా?"

"ఇన్నాను. ఊరందరూ ఇన్నారు. నువ్వు ఎట్టకపోతే ఈడు ఊరుకుంటాడేటి? ఇశాపట్నం ఎల్లి ఇంకోడి సేత కోయించుకుంటాడు. నాకు తెల్దేటి ఈడి బుద్ది? సిన్నప్పుడు నాను అన్నం తిన్నేదని ఈడు కూడా రెండు పూటలు తిన్నేదు, మొండి గుంటడు!" గాయకుడి వైపు తిరిగింది. "ఒరే, నీకు గొంతు నొప్పని తొలిరోజు నుంచీ నాను నమ్మినానేటి? అద్దరేతిరి దాకా సాధన సేస్తావు, పొద్దున్న గొంతు నొప్పి అంటావు. నీ నాటకం నాకు తెలుసు."

"తెలిసి మరి ఎందుకొచ్చేవే అప్పా?" అన్నాడాయన.

"నాలుగ్రోజులకోపాలి కారులో పక్కన కూకోబెట్టుకుని తెస్తన్నావని వచ్చేను. బొంబాయిలో నీకు నా పక్కన కూకోడానికి తీరికుందేటి?"

 ఆవిడ నా వైపు తిరిగి కొంగు తీసింది. "ఇదిగో. నాది సూడు. ఎంత కావాలంటే అంత కోసుకో. ఆడి జోలికెల్లకు" అని నోరు తెరిచింది.

లైటు వేసి చూశాను. అంగిలంతా తెల్లగా, మందంగా, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఎడమవైపు పళ్ళ వెనకాల చిన్న పుండు. అంచులు గట్టిగా ఉన్నాయి. ఉప్పుమళ్ళ ఆవిడ నోరు గుర్తొచ్చింది. అంత ముదరలేదు. సింహాచలాన్ని మత్తుసూది తెమ్మన్నాను. ఆ రోజే ముక్క తీశాను. తలుపు తెరిచే ఉంది. ఆవిడ కిక్కురుమనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ గాయకుడే మొహం అటు తిప్పుకున్నాడు.

పరీక్షలో నేను అనుమానించిందే వచ్చింది. కాన్సరు మొదలైంది, ఎముక దాకా పోలేదు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. అంగిల్లో కోసి తీసిన చోట ఒక ప్లేటు పెట్టారు. మాట కొంచెం ముక్కుతో వస్తుంది గానీ తిట్టడానికి ఏమీ అడ్డం రాలేదు.

కారు నిండా

ఆయన బొంబాయి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. కళింగపట్నంలో నూకాలప్ప తమ్ముడి ఇంటి అరుగు మీద ఆవిడ కోలుకునేదాకా ఉన్నాడు. ఎండుచేపలు ఆరబెట్టే చోట కాకుల్ని తోలడం తన డ్యూటీ అని ప్రకటించుకున్నాడట. కాకులతో హిందీలో తగాదా పెట్టుకునేవాడని సింహాచలం ఎక్కడో విని వచ్చాడు.

తర్వాత ఒక పొద్దున్న ఆయన కారు వచ్చింది. దిగితే అంతా ఆ వీధి ముసలమ్మలు, నోటికి కొంగులు. ముందు సీట్లో అంబలి సీసాతో ఆయన. మర్నాడు ఇంకో కారు నిండా. ప్రతిసారీ తనే ముందు కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, "ఏటీ నొప్పి నేదర్రా" అని కేక పెట్టి, తర్వాత ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాడు. ఆయన అంగిలి నాకు కంఠతా వచ్చేసింది. ఆ ముసలమ్మల్లో ఇంకొకావిడకి కూడా పుండు దొరికింది, బాగా ముందే.

నేను అప్పటికీ కెమెరా కోసం వెతుకుతూనే ఉన్నాను. డ్రైవరు ఫోను కూడా అడిగి చూశాను. ఏమీ లేదు. ఎక్కడా ఒక్క వార్త రాలేదు. మీరు నన్ను ఎన్నైనా అనండి, నేను ఈ రోజుకీ అప్పుడప్పుడు ఫోనులో వెతికి చూస్తాను.

అందరూ అడుగుతారు, మీ క్లినిక్‌లో పాడాడా అని. పాడలేదు. నేను విన్నది ఆ "ఈ" ఒక్కటే.

చివరి పరీక్ష

ఆయన బొంబాయి వెళ్ళే ముందు నూకాలప్పని చూపించడానికి తీసుకొచ్చాడు. మామూలుగానే తలుపు తెరిచి, తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ప్లేటు తీసి చూశాను. చక్కగా మానుతోంది. ఆయన శాలువా వాసన చూశాను. ఆవిడ చెంగు వాసన కూడా చూశాను. చుట్ట వాసన లేదు.

"మానేసేనమ్మా, నమ్మవేటి?" అంది.

"నమ్మను" అన్నాను. "మానేసినవాళ్ళందరూ అలాగే చెప్తారు."

నవ్వింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడూ అడిగే ప్రశ్న ఈవిడని అడగనే లేదు. ఈ హడావుడిలో తప్పిపోయింది. "ఇంతకీ, నిప్పు లోపల పెట్టుకోవడం ఎందుకు అలవాటైంది నూకాలప్పా? గాలికి ఆరిపోతుందనా?"

"ఖర్గ్‌పూర్‌లో గాలెక్కడిది?" అంది. "మా యమ్మ కాలిస్తే నానూ నేర్సుకున్నాను. తొలీత అందరి లాగే బయటికే ఎట్టుకునేదాన్ని. ఓపాలి నిప్పురవ్వ రాలి ఈడి సెవి మీద పడ్డాది. సంకలో ఉన్నాడు కదా. గుక్కెట్టి ఏడిసేడు. ఇప్పటికీ మచ్చుంటాది సూడు, ఎడం సెవి ఎనక. ఆ రోజు కాణ్ణించి నిప్పు లోపలికి తిప్పేసుకున్నాను. సంకలో బిడ్డుంటే నిప్పు బయటికెట్టుకుంటారేటి ఎవులైనా?"

ఒకసారి లోపలికి తిప్పుకుని, అరవై ఏళ్ళు అలాగే ఉంచేసుకుంది. ఆ బిడ్డ చంక దిగిపోయి, పాటలు నేర్చుకుని, దేశమంతా తిరుగుతున్నా కూడా.

తలుపు చప్పుడైంది. గాయకుడు బయటికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మా క్లినిక్‌లో ఆ తలుపు ఆయన చేత్తో మూయడం అదే మొదలు.

నూకాలప్ప తల తిప్పి ఆ మూసిన తలుపుని చూసింది. "ఏటి, ఏడస్తన్నాడేటి?" అంది.

"లేదమ్మా. ఏదో ఫోనొచ్చినట్టుంది" అన్నాను.

"నాకు సెప్పకు. ఫోను కారులో ఒగ్గేసేడు" అంది ఆవిడ. తలుపు వంక ఇంకాసేపు చూసి, నా వైపు తిరిగి, నేను అడగకుండానే నోరు తెరిచింది.